నీలం పలక, తెల్ల అక్షరాలు: ఒక ఎనామిల్ డైరీ

ఇంటి గేటు పక్కన పెట్టే పేరు పలక. 150 × 100 మి.మీ. ఇనుప రేకు, నీలం మీద తెల్ల అక్షరాలు, పూత మొత్తం గాజు. పాత రైల్వే స్టేషన్లలో, పోస్టు డబ్బాల మీద చూసిన రకమే. మొదలుపెట్టి పదకొండు వారాలైంది. పాడైన ముక్కలు 23, నిలిచినవి 6. ఆ 23 ఎందుకు పాడయ్యాయో రాసిపెడితే ఇంకొకరికి పదైనా తగ్గుతాయి.

ముందు పేరు సంగతి. రాణీగంజ్‌లో "ఎనామిల్ కావాలి" అంటే లీటరు పెయింటు డబ్బా తెచ్చి ముందు పెట్టారు. నాకు కావాల్సింది అది కాదు. గాజు పొడిని లోహం మీద పరిచి, 800 డిగ్రీల దగ్గర కరిగించి అంటించేది. నగల పనిలో దాన్ని మీనా అంటారు. పాతబస్తీలో గిన్నెలకైతే తామ్‌చీనీ. నేను పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో గ్లాస్ లైనింగ్ అనేవాళ్లం. జీడిమెట్లలో 22 ఏళ్లు మెయింటెనెన్స్ చేశాను. జీఎల్ఆర్‌లు, అంటే లోపల గాజు పూత ఉన్న రియాక్టర్లు, నా చేతి కిందే ఉండేవి. లోపలికి దిగాలంటే జేబులు ఖాళీ చేసి, రబ్బరు బూట్లు వేసుకుని దిగాలి. ఒక స్పానర్ జారిపడి చిన్న పెచ్చు ఊడిందంటే అక్కణ్నుంచి యాసిడ్ ఇనుమును తినేస్తుంది. అక్కడ టాంటలమ్ అనే యాసిడ్‌కు లొంగని లోహపు బిరడా బిగించేదాకా ఉత్పత్తి ఆగిపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆ నీలం పూత, మా నాయనమ్మ అన్నం తిన్న తెల్ల పళ్లెం, రెండూ ఒకే జాతివని నాకు తెలిసేసరికి రిటైరయ్యాను.

దశ 1: కొలిమి

చింతల్‌లో మా ఇంటి మేడ మీద గదిలో కట్టాను. లోపలి కొలత 230 × 200 × 150 మి.మీ.

1. తేలికపాటి తెల్ల ఇన్సులేషన్ ఇటుకలు 14. హాక్సా బ్లేడుతోనే కోసుకోవచ్చు. మాస్క్ తప్పనిసరి.
2. కాంథాల్ తీగ (కొలిమిని వేడెక్కించేది), 1 మి.మీ. మందం, 14.3 మీటర్లు. 230 వోల్టుల దగ్గర 2 కిలోవాట్లు రావాలంటే 26.4 ఓములు కావాలి. ఈ తీగ మీటరుకు 1.85 ఓములు ఇస్తుంది.
3. కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచేది), పీఐడీ కంట్రోలర్ (ఆ కొలతను బట్టి వేడిని అదుపు చేసేది), ఎస్ఎస్ఆర్ (అది చెప్పినట్టు తీగకు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్). ఎస్ఎస్ఆర్ కింద అల్యూమినియం హీట్‌సింక్ పెట్టకపోతే అరగంటలో పోతుంది.
4. తలుపుకు లిమిట్ స్విచ్. తెరవగానే తీగకు కరెంటు ఆగాలి. ఇది మొదట పెట్టలేదు. మూడోరోజు పట్టకారు తీగకు తగిలి ఎంసీబీ పడిపోయింది. ఎర్తింగ్ సరిగ్గా ఉంది కాబట్టి ఈ డైరీ నేనే రాస్తున్నాను.

ఇటుకలు 1,820. తీగ 900. కంట్రోలర్ సెట్టు 3,400. యాంగిల్ ఫ్రేమ్, వెల్డింగ్ 1,600. సిరామిక్ దుప్పటి 700. స్విచ్ 180.
ఇప్పటిదాకా ఖర్చు: ₹8,600.

అసలు తప్పు థర్మోకపుల్‌తో జరిగింది. పక్క గోడకు, తీగకు 10 మి.మీ. దూరంలో గుచ్చాను. కంట్రోలర్ 820 చూపిస్తుంటే లోపల గాజు పొడి మాత్రం పంచదార పరిచినట్టు పలుకులుగానే ఉండిపోయింది. 1 నుంచి 4 వరకు ముక్కలు ఇలాగే పోయాయి. రెండు వారాలు పొడినే తిట్టుకున్నాను. అప్పుడు ఉప్పు గుర్తొచ్చింది. మామూలు ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. థర్మామీటర్‌ను పరీక్షించడానికి అంతకన్నా చవకైన పద్ధతి లేదు.

1. దొడ్డుప్పు నేరుగా పెట్టవద్దు. లోపలి తడికి చిటపట పేలి కొలిమంతా చిమ్ముతుంది. నాకు చిమ్మింది.
2. పెనం మీద వేయించి, నూరి, చిటికెడు పొడిని పింగాణీ మూతలో పెట్టి అసలు ముక్క ఉండే చోటే ఉంచాలి.
3. 780 దాటాక ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, తలుపులోని కన్నంలోంచి చూడాలి.

పొడి నీరై మెరిసినప్పుడు కంట్రోలర్ 868 చూపిస్తోంది. అంటే 67 డిగ్రీలు అబద్ధం. థర్మోకపుల్‌ను వెనక గోడ మధ్యకు, ముక్క పెట్టే అరకు 20 మి.మీ. పైకి మార్చాను. మళ్లీ ఉప్పు పెడితే 806. ఐదు డిగ్రీలంటే పర్వాలేదు. దాన్ని సెట్టింగులో తీసేశాను. ఇక్కణ్నుంచి రాసిన వేడిమి అంకెలన్నీ సరిచేసినవే.

ఇంకో చిన్న సంగతి. సాయంత్రం ఏడింటికి మా లైన్‌లో 205 వోల్టులే వస్తాయి. అప్పుడు 2,000 వాట్ల కొలిమి 1,590 వాట్లకు పడిపోతుంది. గంటా యాభై నిమిషాల్లో ఎక్కాల్సిన వేడికి రెండున్నర గంటలు పట్టింది. అందుకే పదకొండు గంటలకు మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనానికి ముందే పని ముగిస్తున్నాను.

దశ 2: గాజు పెంకులు, రాగి రేకు

రాగి రేకు 20 గేజ్, 300 × 300, తూకం 726 గ్రాములు, ₹840. జల్లెడ 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలు), ₹350. గాజు మాత్రం ఉచితం. లాడ్ బజార్‌లో ఒక షాపు ముందు పగిలిన గాజులు బుట్టెడు ఉంటే అడిగి తెచ్చుకున్నాను. (చేతికి వేసుకునేదీ గాజే, కిటికీకి బిగించేదీ గాజే. ఆ షాపులో లక్క గాజులు కాదు, గాజు గాజులు కావాలని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.)
ఇప్పటిదాకా: ₹9,790.

ఇనుప రోట్లో దంచాను. తప్పు. ఇనుప రజను పొడిలో కలిసి, కాల్చాక నల్ల చుక్కలైంది. అయస్కాంతం తిప్పితే చాలావరకు పోయింది కానీ పూర్తిగా కాదు. తర్వాత పింగాణీ కల్వానికి మారాను.

ముక్క 5: 820, మూడు నిమిషాలు. పలుకులు అంటుకున్నాయి, పారలేదు.
ముక్క 6: 870, నాలుగు నిమిషాలు. చిలకపచ్చ రంగులో చక్కగా పారింది. చల్లారేటప్పుడు రేకు విల్లులా వంగింది, గాజు వైపు ఉబ్బుగా. 75 మి.మీ. పొడవుకు మధ్యలో 2.5 మి.మీ. ఎత్తు. రాత్రి బల్ల మీద పెడితే టిక్, టిక్ అని చప్పుడు. పొద్దున చూస్తే కింద పరిచిన పేపరు మీద పచ్చ పెంకులు, రేకు మీద సగం గాజే మిగిలింది.
ముక్క 7: పూత మందం పెంచాను, ఇంకా ఘోరం.

లెక్క వేస్తే తెలిసింది. ఒక్కో డిగ్రీకి రాగి పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది. గాజుల గాజు సుమారు 9. గాజు దాదాపు 500 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది అనుకుంటే, అక్కణ్నుంచి 30కి చల్లారేలోపు 100 మి.మీ. రాగి 0.80 మి.మీ. కుంచించుకుంటుంది, గాజు 0.42 మాత్రమే. ఆ 0.38 తేడాను గాజు మోయాలి. నొక్కితే గాజు బాగానే తట్టుకుంటుంది, లాగితే విరిగిపోతుంది. కాబట్టి లోహం కొంచెం ఎక్కువ కుంచించుకోవడం మనకు మంచిదే. కానీ రేకు ఒకవైపే పూత ఉంటే ఆ నొక్కుడు వంపుగా మారుతుంది, అంచుల దగ్గర పెచ్చు లేస్తుంది. అదే పూత వెనక కూడా ఉంటే రెండు వైపులా సమానంగా లాక్కుని రేకు చదునుగా ఉంటుంది.

ముక్క 8: వెనకవైపు కూడా పూత. వంపు 0.3 మి.మీ. మూడు వారాలైంది, చెక్కుచెదరలేదు.
ముక్క 9: వెనక పూత సగమే పట్టింది. మూలకు వంగింది.

కుందనం హారం తిప్పి చూస్తే వెనక మీనా పువ్వులుంటాయి కదా. ఎవరికీ కనబడని వైపు అంత పని ఎందుకని చిన్నప్పుడు మా అమ్మను అడిగాను. "ఒంటికి తగిలే వైపు కదరా" అంది. మెత్తటి బంగారం అరగకుండా అది కాపాడుతుంది కూడా. నా రాగి ముక్క మీద మాత్రం ఆ వెనక పూత చేసింది వేరే పని, ముందు పూతను ఊడకుండా పట్టుకోవడం.

ఈ కళ బంగారం మీద మొదలవడం కూడా సహజమే. కాల్చినా బంగారం నల్లబడదు. సైప్రస్‌లోని కూక్లియాలో దొరికిన ఆరు బంగారు ఉంగరాలు క్రీ.పూ. 13వ శతాబ్దానివి. బంగారు తీగ గళ్లలో గాజు నింపి కరిగించిన పాత నమూనాల్లో వాటిని చెబుతారు. రాగి మీద పెద్ద ఎత్తున చేసింది 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లిమోజ్ పనివాళ్లు. మన వైపు 16వ శతాబ్దం చివర్లో జైపూర్ దగ్గరి ఆమేర్ రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి మీనా పనివాళ్లను తీసుకొచ్చాడని చెబుతారు. జైపూర్‌కు మీనా పనిలో పేరొచ్చింది అక్కణ్నుంచే.

దశ 3: జైపూర్ రంగులు

సీసం లేనివి అడిగి, నాలుగు రంగులు 50 గ్రాముల చొప్పున కొరియర్‌లో తెప్పించాను. ₹1,600. సీసం లేదని రాసి ఉన్నా సరే, పొడి పనికి ఎన్95 మాస్క్ వేసుకోండి, తినే గిన్నెలకు వాడకండి.
ఇప్పటిదాకా: ₹11,390.

ముక్క 10 పాల నీళ్లలా మసకబారింది. కారణం పొడి కడగకపోవడం. మరీ సన్నటి ధూళి గాలి బుడగలను బంధిస్తుంది.

1. పొడిని గ్లాసెడు నీళ్లలో కలిపి, 20 సెకన్లు ఆగి, పై తెల్లనీళ్లు వంచేయాలి. నీళ్లు తేటపడేదాకా, నాకు ఏడుసార్లు.
2. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే నల్లపెచ్చు చాలావరకు రాలుతుంది. మిగిలినదానికి చింతపండు, ఉప్పు. మొండి మచ్చలకు వేడి నిమ్మ ఉప్పు నీళ్లు.
3. తోమాక వేలు పెట్టకూడదు. నీళ్లు రేకంతా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే.
4. 810, రెండున్నర నిమిషాలు.

ముక్క 11, ఎరుపు. కాలేయం రంగులో వచ్చింది. పారదర్శకమైన ఎరుపు కింద నల్లబడిన రాగి ఉంటే అంతే. మంచి ఎరుపుకు మీనా పనివాళ్లు బంగారాన్ని ఎందుకు కోరుకుంటారో తెలిసింది. 12, 13 నీలం, తెలుపు. రెండూ నిలిచాయి.

దశ 4: ఇనుము

ఎక్కువ ముక్కలు పోయింది ఇక్కడే. వరసగా తొమ్మిది.

తుప్పు పట్టకుండా ఇనుప వంట పాత్రలకు గాజు పూసే ప్రయత్నాలు యూరప్‌లో 18వ శతాబ్దంలో మొదలయ్యాయి. సన్న రేకు మీద పూయడం కుదిరాక వీధి పేర్లు, సబ్బు ప్రకటనలు, టీ ప్రకటనలు అన్నీ గాజుకెక్కాయి. బర్మింగ్‌హామ్ దగ్గర సెల్లీ ఓక్‌లో 1889లో ప్రత్యేకంగా ఇలాంటి పలకల కోసమే ఫ్యాక్టరీ కట్టారు. వాళ్లకు అలవాటైన పని నాకు కాలేదు.

ఇనుముకు రెండు రకాల గాజు కావాలి. అడుగు పూత, పై పూత. అడుగు పూత ఫ్రిట్ 2 కిలోలు ₹900, తెలుపు, నీలం కిలో చొప్పున రెండూ కలిపి ₹1,500. కిలోకు తక్కువ ఎవరూ ఇవ్వలేదు. ఫ్రిట్ అంటే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, వెలిగారం, సోడా లాంటివి కలిపి కరిగించి, చల్లటి నీళ్లలో పోసి పలుకులు చేసిన గాజు. రేకు ఊరికే వచ్చింది, బీరువాలు చేసే షెడ్డులో మిగిలిన సీఆర్ షీటు (మామూలు ఉక్కు రేకు) ముక్కలు.
ఇప్పటిదాకా: ₹13,790.

ముక్క 14: తొందరపడి అడుగు పూత లేకుండా నీలం వేశాను. చల్లారాక పూతంతా ఒకే పెళ్లగా, అప్పడంలా చేతిలోకి వచ్చింది. అడుగు పూతలో అర శాతం దాకా ఉండే కోబాల్ట్ ఆక్సైడే అసలు జిగురు. కాలేటప్పుడు గాజు రేకు మీది తుప్పు పొరను కరిగించుకుంటుంది, కోబాల్ట్ వల్ల ఇనుము మీద సూక్ష్మమైన గుంటలు పడతాయి, గాజు ఆ గుంటల్లోకి వేళ్లు దించుతుంది. గాజుకు నీలం ఇచ్చే కోబాల్ట్ అలంకారానికే అనుకునేవాణ్ని.

ముక్కలు 15 నుంచి 22: అడుగు పూత వేశాను. 830 డిగ్రీలు, నాలుగున్నర నిమిషాలు. కొలిమిలోంచి అద్దంలా వచ్చాయి. ఫొటోలు తీసి పాత సహోద్యోగికి పంపాను. "రేప్పొద్దున చూసి మళ్లీ పంపు అన్నా" అని జవాబు. కడుపు మండింది. కానీ తొమ్మిది గంటల తర్వాత, రాత్రి పడుకునే ముందు గదిలోకి వెళితే నేల మీద చెప్పు కింద కరకర. ముక్క 15 మీద గోరు అంచు ఆకారంలో, అర్ధచంద్రాకారపు పెచ్చులు లేచి ఉన్నాయి. ఒక్కోటి రెండు మూడు మి.మీ. లెక్కపెట్టాను, 31. నేను చూస్తుండగానే ఇంకొకటి ఎగిరి కళ్లద్దాలకు తగిలింది.

దీన్ని ఫిష్‌స్కేల్ అంటారు, చేప పొలుసు. దోషి హైడ్రోజన్. పూతలోని తడి, అందులో కలిపే బంకమట్టిలోని నీరు వేడికి ఇనుముతో చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తాయి. వేడి ఇనుము దాన్ని పీల్చుకుంటుంది. చల్లారాక అంత ఇముడ్చుకోలేదు. బయటికి పోదామంటే రెండు వైపులా గాజు మూసేసింది. గాజు వెనక చేరి, ఒత్తిడి పెరిగి, గంటలకో రోజులకో పెచ్చును తన్నేస్తుంది.

మార్చి చూసినవి:

1. పూతను 120 డిగ్రీల్లో గంట ఆరబెట్టడం. పెచ్చులు 31 నుంచి 12కు తగ్గాయి.
2. కాల్చే సమయం నిమిషం తగ్గించడం. 12 అలాగే ఉన్నాయి, పైగా అంటు బలహీనపడింది.
3. వెనకవైపు పూత వదిలేయడం. హైడ్రోజన్‌కు దారి దొరికి 4కు తగ్గాయి, కానీ రేకు 3 మి.మీ. వంగింది.
4. ఇదే పనిని 18, 19, 20, 21, 22 మీద ఓపిగ్గా మళ్లీ మళ్లీ చేయడం. ఇది మార్పు కాదు, మొండితనం.

ఎనామిల్ కోసం ప్రత్యేకమైన ఉక్కు ఉంటుంది. కార్బన్ బాగా తక్కువ, హైడ్రోజన్ దాక్కోవడానికి లోపలే సూక్ష్మమైన ఖాళీలు ఉండేలా తయారు చేస్తారు. టన్నుల్లో దొరుకుతుంది. నాకు కావాల్సింది కిలో.

దశ 5: జుమ్మేరాత్ బజార్ ట్రే

ఎవరో ఎప్పుడో ఎంచి పెట్టిన ఆ ఉక్కు పాత గిన్నెల్లో ఉండే ఉంటుందని తట్టింది. గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లాను. ఒక పెద్ద తెల్ల ట్రే, నీలం అంచు, అడుగు చదును 450 × 300.

"ఎంత భాయ్?"
"రెండొందలు సాబ్. తామ్‌చీనీ, పాత మాల్."
"పెచ్చులూడినయ్ కదా."
"ఏం పెడ్తరు దీంట్ల?"
"ఏం పెట్టను. ఇసుకతో గీకించి రేకు తీసుకుంటా."
కాసేపు నా మొహం చూసి నూట ఇరవైకి ఇచ్చేశాడు.

బాలానగర్‌లో శాండ్‌బ్లాస్టింగ్ ₹150. పూతంతా పోయాక బూడిద రంగు రేకు, 0.6 మి.మీ. తొమ్మిది ముక్కలు వచ్చాయి. ఒక్కోటి 71 గ్రాములు.
ఇప్పటిదాకా: ₹14,060.

1. అడుగు ఫ్రిట్ 100 గ్రాములు, తెల్ల బంకమట్టి 6, వెలిగారం 0.5, నీళ్లు 45 మి.లీ. కల్వంలో రెండు గంటలు నూరి 100 మెష్‌లో వడకట్టాలి.
2. రేకును ముంచి, ఎత్తి, మూల కిందికి పెట్టి విదిలించాలి. రుబ్బు పలచని దోసె పిండిలా జారాలి.
3. 120 డిగ్రీల్లో గంట.
4. 830, నాలుగున్నర నిమిషాలు. తలుపు తీసిపెట్టేలోపు 90 డిగ్రీలు పడిపోతుంది, మళ్లీ ఎక్కాకే గడియారం మొదలు.

కాల్చాక 80 గ్రాములు. అంటే 9 గ్రాముల గాజు, రెండు వైపులా కలిపి 300 చ.సెం.మీ. సాంద్రత 2.5 అనుకుంటే ఒక్కో వైపు 0.12 మి.మీ. కాలిపర్ పెట్టినా అంతే.

ముక్క 23. మొదటి రాత్రి పడుకోలేదు. పెచ్చులు 0. రెండోరోజు 0. పద్నాలుగో రోజు కూడా 0. అదే ఫ్రిట్, అదే కొలిమి, అదే చేయి. మారింది రేకు ఒక్కటే.

దశ 6: అక్షరాలు

ఇంటి పేరు "నీరెండ". పాత పలకల పద్ధతే పట్టుకున్నాను. అడుగు పూత మీద తెలుపు కాల్చాలి. దాని మీద నీలం పూసి, ఆరబెట్టి, స్టెన్సిల్ పెట్టి, అక్షరం ఉండే చోట నీలాన్ని బ్రష్‌తో తుడిచేయాలి. కింది తెలుపు బయటపడుతుంది. అప్పుడు కాల్చాలి. తెలుపు ఇప్పుడు టైటానియంతో వస్తుంది, 1940ల నుంచి వాడుకలోకి వచ్చిన రకం. 6 గ్రాములతో 0.16 మి.మీ. పడింది, అడుగు నలుపు కనబడలేదు.

ఇంగ్లీషు పలకలు చేసేవాళ్లకు ఓ, ఏ లాంటివే తలనొప్పి. మనకు ర పొట్ట, సున్న నడుమ. "నీరెండ"లో రెండూ ఉన్నాయి. ప్లాస్టిక్ షీటు కోయగానే ఆ రెండు గుండ్రటి ముక్కలూ రాలి చేతిలో పడ్డాయి. ముక్క 24లో వాటిని జిగురు చుక్కతో అంటించాను. జిగురు మాడి అక్కడ బుడగలు లేచాయి. తర్వాత 1.5 మి.మీ. వంతెనలు వదిలి కోశాను. తుడిచాక అక్షరం మీద అడ్డంగా సన్నటి నీలం గీత మిగులుతుంది. దాన్ని పళ్లు కుట్టుకునే పుల్లతో గీకేస్తే చాలు.

ఆరిన నీలం ఊరికే పొడిలా రాలి అంచులు చెదిరాయి. తుమ్మజిగురు కలిపాను. ముక్క 25లో 100 గ్రాములకు 2 గ్రాములు, అంచు కత్తిలా వచ్చింది కానీ కాల్చితే పొంగింది. అర గ్రాము సరిపోయింది. ముక్క 26 అన్నీ కుదిరాయి, స్క్రూ కన్నాలు మరిచిపోయాను. కాల్చాక డ్రిల్ పెట్టేసరికి మూల మొత్తం పెచ్చుగా లేచింది. కన్నాలు రేకు దశలోనే వేయాలి, అంచులు ఆకురాయితో గుండ్రం చేయాలి. ముక్క 27లో నీలాన్ని 820లో కాల్చితే తెలుపు మీగడ రంగుకు తిరిగింది. ఇప్పుడు 790, మూడు నిమిషాలు.

స్టెన్సిల్ షీటు, బ్రష్ ₹160.
ఇప్పటిదాకా: ₹14,220. కరెంటు 26 కాల్పులకు 117 యూనిట్లు, వేరే.

ఫ్యాక్టరీలో పూతను వేల వోల్టుల స్పార్క్‌తో పరీక్షిస్తారు. ఇంత సన్నటి పూతను అది చీల్చేస్తుంది. బదులుగా మల్టీమీటర్ ఒక కొన కన్నంలో బయటపడ్డ ఇనుముకు, ఇంకో కొన ఉప్పునీటి స్పాంజికి పెట్టి పలకంతా తుడిచాను. ముక్క 28 మీద రెండుచోట్ల 40 కిలో ఓములు చూపించింది, రెండూ కన్నాల అంచులే. మిగతా అంతా ఓపెన్, అంటే కరెంటుకు దారి లేదు, పూత మూసే ఉంది. ముక్క 29 మీద ఒక్కచోట కూడా లేదు.

పాత పలకలకు తుప్పు మొదలయ్యేది స్క్రూ దగ్గరే. అందుకని రెండు వైపులా రబ్బరు వాషర్లు, స్క్రూ చేత్తో బిగించినంతే. సోమవారం 29ని గేటు పక్కన పెట్టాను. మా ఆవిడ రోడ్డు అవతలికి వెళ్లి చూసి, "డ కొంచెం కుడికి ఒరిగిందండీ" అంది. స్కేలు పెట్టి చూశాను, 2 మి.మీ. ఒరిగింది. ఇంకో రెండు రేకు ముక్కలున్నాయి, నీలం ఫ్రిట్ 740 గ్రాములు ఉంది. ఈ వానాకాలం 29 కన్నాల దగ్గర ఎలా ఉంటుందో చూశాకే 30 మొదలుపెడతాను.